మాస్టోడాన్ సర్వర్ ఇంట్లోనే పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పాత వాల్వ్ రేడియోలు బాగుచెయ్యడం నా హాబీ. పదకొండేళ్లుగా ఒక పెద్ద సోషల్ మీడియాలో పేజీ పెట్టుకుని ఆ రిపేర్ల గురించి ఫొటోలతో సహా రాస్తున్నాను. ఈమధ్య 'మీరు మా నియమాలు ఉల్లంఘించారు' అని అకౌంట్ మూసేశారు. ఏ నియమమో చెప్పలేదు, అడిగితే జవాబు లేదు. ఇక సొంతంగా ఏదైనా పెట్టుకోవాలని, ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకోగలిగే సోషల్ మీడియా సాఫ్ట్‌వేర్ మాస్టోడాన్ గురించి చదువుతున్నాను. ఇంట్లో 2014లో కొన్న ఐ5 డెస్క్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. దాంట్లో లినక్స్ వేసి మాస్టోడాన్ సర్వర్ పెట్టి, మా రేడియో వాట్సాప్ గ్రూపులో ఉన్న నలభై మందికీ అకౌంట్లు ఇద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఫొటోలు కూడా అందులోనే దాచుకోవచ్చు కదా? మా ఆవిడ మాత్రం కరెంటు బిల్లు ఎంతొస్తుంది, ఎవరైనా హ్యాక్ చేస్తే ఏం చేస్తాం, మీరు ఊళ్లో లేనప్పుడు ఇదంతా ఎవరు చూస్తారు అంటోంది. వేరే మిత్రుడు ట్విటర్ లాంటి బ్లూస్కై చాలు అంటున్నాడు. మీరేమంటారు?
— పేరు వెయ్యవద్దన్న పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీ ఉత్తరంలో రెండు పనులు కలిసిపోయాయి. నలుగురూ చదవాలని మీరు రాసే రాతలు ఒకటి. ఇంట్లోవాళ్లు మాత్రమే చూసుకునే ఫొటోలు, కాగితాలు రెండోది. ఈ రెండూ ఒకే మెషీన్లో పెట్టకండి. రాతలకు సొంత డొమైన్ పేరు, అంటే మీదైన వెబ్ అడ్రసు కొనుక్కుని, బయట అద్దెకు దొరికే హోస్టింగ్‌లో చిన్న సైటు పెట్టండి. ఇంట్లో డెస్క్‌టాప్‌ని ఇంటి పనికి వాడండి. నలభై మందికి అకౌంట్లు ఇచ్చే ఆలోచన మాత్రం మానుకోండి. నా సలహా ఇంతే. ఎందుకిలా అంటున్నానో ఒక్కొక్కటిగా చెబుతాను.

వాటన్నిటికన్నా ముందు, పోయిందనుకుంటున్న పదకొండేళ్ల రాతల కోసం గట్టిగా ప్రయత్నించండి. ఆ పేజీలోకి లాగిన్ అవుతుంటే, డేటా డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఇంకా ఉందేమో ఇవాళే చూడండి. అకౌంట్ మూసినా కొన్నాళ్లపాటు ఆ దారి తెరిచి ఉంచే సంస్థలు ఉన్నాయి. తర్వాత, మామూలు హెల్ప్ పేజీలో కాకుండా, ఆ సంస్థ మన దేశానికి నియమించిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం మీ ఫిర్యాదు అందినట్టు వాళ్లు 24 గంటల్లో చెప్పాలి, 7 రోజుల్లో పరిష్కరించాలి (2026 ఫిబ్రవరి దాకా ఇది 15 రోజులు). ఆ జవాబు మీకు నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం 2023లో వేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. అంతా ఆన్‌లైన్లోనే, ఫీజు ఏమీ లేదు. సైటు అడ్రసు జీఏసీ డాట్ జీవోవీ డాట్ ఇన్. చాలామందికి ఈ దారి ఉందనే తెలియక, కంపెనీ నుంచి వచ్చే ఆటోమేటిక్ మెయిలే ఆఖరి మాట అనుకుని ఊరుకుంటున్నారు. మీరు ఊరుకోకండి. తేదీలు రాసిపెట్టుకోండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అకౌంట్ తిరిగి రాకపోయినా మీ రాతల కాపీ మీకు ఇమ్మని విడిగా అడగండి.

ఇది పట్టుబట్టి చెబుతున్నానంటే కారణం ఉంది. కప్లింగ్ కెపాసిటర్ లీకైతే అవుట్‌పుట్ వాల్వ్ గ్రిడ్ మీదకు డీసీ ఓల్టేజి చేరి వాల్వ్ ఎర్రగా కాలిపోతుందనే ముక్క ఇంగ్లిషులో వంద చోట్ల దొరుకుతుంది. ఫలానా మర్ఫీ సెట్టులో ఆ కెపాసిటర్ ఛాసిస్ మీద ఎక్కడుంటుంది, దాని బదులు మన ఊరి షాపులో ఏది అడిగి తెచ్చుకోవాలి అన్నది తెలుగులో రాసేవాళ్లు ఎంతమంది? అలాంటి రాతలు లాగిన్ అయితే తప్ప కనపడని పేజీలో ఉండడం, సెర్చ్‌లో ఎవరికీ దొరక్కపోవడం, ఒకరోజు చెప్పాపెట్టకుండా మాయమవ్వడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మీ కోపంలో న్యాయం ఉంది. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవాళ్లు జియో వాళ్లకు ఫోన్ చెయ్యడానికి వీల్లేదంటే మనం ఒప్పుకోం. కంపెనీ నచ్చకపోతే అదే నంబరుతో ఇంకో కంపెనీకి మారిపోతున్నాం. సోషల్ మీడియాలో మాత్రం ఇన్నేళ్లుగా దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతికి అలవాటు పడిపోయాం. ఎవరి గేటు వాళ్లదే, ఒక గేటు లోపల ఉన్నవాళ్లు ఇంకో గేటు లోపలివాళ్లతో మాట్లాడలేరు. ఆ గోడలు తీసేద్దామన్నదే ఫెడివర్స్, అంటే ఎవరెవరో నడిపే సర్వర్లన్నీ కలిసిన సోషల్ మీడియా, వెనక ఉన్న ఆలోచన. జర్మనీలో యూజెన్ రోచ్కో 2016లో మాస్టోడాన్ మొదలుపెట్టారు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, అంటే యాక్టివిటీపబ్, 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణం అయింది. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్, చర్చలకు లెమ్మీ కూడా ఇదే భాష మాట్లాడతాయి. మెటా వాళ్ల థ్రెడ్స్ కూడా 2023 చివరి నుంచి కొంతవరకు ఈ పద్ధతికి తలుపు తెరిచింది.

మన దేశంలో దీని గురించి పెద్దగా మాట వచ్చింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే అకౌంట్‌ని ట్విటర్ సస్పెండ్ చేసినప్పుడు వేలమంది మాస్టోడాన్‌కి వెళ్లారు. ఆ ఊపు ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత ట్విటర్ లాంటి 'కూ' అనే యాప్ వచ్చింది. తెలుగుతో సహా మన భాషల్లో రాసుకోవచ్చని చాలామంది అందులో చేరారు. 2024 జులైలో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. అది దేశీ కంపెనీయే, కానీ అన్నీ ఒక్క కంపెనీ చేతిలోనే ఉన్నాయి. కంపెనీ ఎక్కడిదనే దానికన్నా, రేపు అది లేకపోతే మీ అడ్రసు, మీ రాతలు మీ దగ్గర మిగులుతాయా లేదా అన్నది ముఖ్యం.

ఇక మీ అసలు ప్రశ్న. మీ డెస్క్‌టాప్ మీద మాస్టోడాన్ నడుస్తుందా? నడుస్తుంది. ఒక్కరికైతే 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. చిక్కులు ఎక్కడ వస్తాయో చెబుతాను, ఎందుకంటే వాటి గురించి ఇన్‌స్టలేషన్ గైడ్లలో పెద్దగా ఉండదు.

మొదటిది మీ ఇంటర్నెట్ కనెక్షన్. మీ రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ అడ్రసు) అనే చోట ఏ నంబరు ఉందో చూడండి. అది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా, మీకు సొంత ఐపీ లేనట్టే. ఒకే ఐపీని మీ ప్రొవైడర్ ఎంతోమందికి పంచుతున్నాడన్నమాట. దీన్నే సీజీనాట్ అంటారు. మన దగ్గర ఇళ్లకిచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలే. అప్పుడు బయటి సర్వర్లు మీ ఇంటి సర్వర్ తలుపు తట్టలేవు. అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా బయట చిన్న వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకుని దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాంతో టన్నెల్, అంటే ప్రైవేటు దారి, వెయ్యాలి. ఐపీ అడ్రసుల్లో కొత్త రకమైన ఐపీవీ6 మనదేశంలో బాగానే ఉంది కానీ, అవతలి సర్వర్ దగ్గర పాత రకం ఐపీవీ4 మాత్రమే ఉంటే దానికి మీరు కనపడరు. టన్నెల్ కోసం ఎలాగూ బయట సర్వర్ అద్దెకు తీసుకుంటున్నప్పుడు, ఆ సైటేదో అక్కడే పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నది నా వాదన.

రెండోది డిస్కు. మీరు ఫాలో అయ్యేవాళ్ల పోస్టుల్లోని ఫొటోలు, వీడియోల కాపీలను మాస్టోడాన్ మీ సర్వర్లో దాచుకుంటుంది. పాతవి ఎన్నాళ్లకు తీసెయ్యాలో మీరు సెట్ చెయ్యకపోతే ఆ ఫోల్డర్ పెరుగుతూనే పోతుంది. డిస్కు నిండితే డేటాబేస్ రాయడం ఆగిపోతుంది, సర్వర్ పడిపోతుంది. పైగా మాస్టోడాన్ అంటే ఒక్క ప్రోగ్రాం అనుకోకండి. పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ అనే వేరే ప్రోగ్రాంలన్నీ దాంతో కలిసి నడవాలి, వెర్షన్ మారినప్పుడల్లా అన్నిటినీ సరిచూసుకోవాలి. ఒక్కరి కోసమే అయితే గోటుసోషల్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది. చాలా తేలికైనది, ఎస్‌క్యూలైట్ అనే ఒక్క డేటాబేస్ ఫైలుతోనే నడుస్తుంది, బయటి ఫొటోల కాపీలను ఏడు రోజుల తర్వాత దానంతటదే తీసేస్తుంది. సొంత సర్వర్ ముచ్చట తీరాల్సిందే అనుకుంటే ఓ ఏడాది తర్వాత దీంతో మొదలుపెట్టండి.

మూడోది డొమైన్. మీరు ఒకసారి ఒక పేరుతో సర్వర్ మొదలుపెట్టాక ఆ పేరు మార్చలేరు. మిగతా సర్వర్లన్నీ మిమ్మల్ని ఆ పేరుతో, మీ సర్వర్ తయారుచేసుకున్న తాళంతో కలిపి గుర్తుపెట్టుకుంటాయి. డొమైన్ పోతే ఆ అకౌంట్ అంతటితో పోయినట్టే. 2024 ఫిబ్రవరిలో క్వీర్ డాట్ ఏఎఫ్ అనే మాస్టోడాన్ సర్వర్‌కి ఇదే జరిగింది. ఏఎఫ్ అంటే అఫ్గానిస్తాన్ డొమైన్. అక్కడి తాలిబన్ ప్రభుత్వం ఆ పేరును ఆపేసింది, అందులో ఉన్నవాళ్లందరి అడ్రసులూ ఒక్కసారిగా పనిచెయ్యడం మానేశాయి. కాబట్టి వినడానికి బాగుందని ఏదో దేశం డొమైన్ కొనకండి. డాట్ ఇన్ తీసుకోండి, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు ఉంటుంది.

నలభై మందికి అకౌంట్లు ఇవ్వొద్దని ఎందుకన్నానంటే, మాస్టోడాన్‌లో ఒకరికొకరు పంపుకునే డైరెక్ట్ మెసేజీలకు వాట్సాప్‌లో ఉన్నట్టు, పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. సర్వర్ నడిపేవాడు కావాలనుకుంటే డేటాబేస్ తెరిచి చదవగలడు. మీరు చదవరు, నాకు తెలుసు. కానీ నలభై మంది స్నేహితుల ఉత్తరాలు మీ హాల్లోని డబ్బాలో ఉండడం వాళ్లకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. ఇతరుల రాతల్ని దాచి, చేరవేసేవాడిని చట్టం ఇంటర్మీడియరీ అంటుంది. ఇందాక మీకోసం చెప్పిన ఐటీ రూల్సే అప్పుడు మీ మీదికి తిరుగుతాయి. గ్రీవెన్స్ ఆఫీసర్ ఎవరంటే మీ పేరే రాసుకోవాలి, వచ్చిన ఫిర్యాదులకు గడువులోగా జవాబివ్వాలి. గ్రూపులో ఎవరో ఒకరు ఎన్నికల సీజన్లో ఏదో రాస్తారు, ఇంకొకరికి కోపం వస్తుంది, ఆ పంచాయితీ మీ దగ్గరకే వస్తుంది. వాళ్లు ఫాలో అయ్యే బయటి అకౌంట్ల నుంచి ఎలాంటి బొమ్మలు మీ డిస్కులోకి వచ్చిపడతాయో మీరు ముందుగా చూడలేరు. మొజిల్లా లాంటి సంస్థ కూడా మాస్టోడాన్ సర్వర్ పెట్టి, 2024 డిసెంబరులో మూసేసింది. కాలేజీ క్లాసులు చెప్పుకుంటూ, సాయంత్రాలు రేడియోలు విప్పుకునే మనిషికి ఈ భారం వద్దు.

ఇంకో సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ నలభై మంది రారు. వచ్చినా రెండు వారాలు గుడ్ మార్నింగ్ పెట్టి మళ్లీ వాట్సాప్‌కే పోతారు. అందులో తప్పేమీ లేదు. ఫెడివర్స్‌లో తెలుగువాళ్లు ఇంకా బాగా తక్కువ. గ్రూపును అలాగే ఉండనివ్వండి. మీరు రాసిన ప్రతి వ్యాసం లింకునూ గ్రూపులో పెట్టండి. చదివేవాళ్లు చదువుతారు, రాత మాత్రం మీ చోట ఉంటుంది.

మరి ఆ మీ చోటు ఎలా ఉండాలి? మీ అవసరానికి అన్నిటికన్నా బాగా సరిపోయేది మామూలు వర్డ్‌ప్రెస్ సైటు. పాత సంగతిలా అనిపించొచ్చు. దానికి యాక్టివిటీపబ్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే ప్రోగ్రాం) ఉంది, ఉచితం. అది వేస్తే మీ సైటే ఒక ఫెడివర్స్ అకౌంట్ అయిపోతుంది. జర్మనీలో మాస్టోడాన్ వాడే రేడియో అభిమాని అక్కడి నుంచే మీ సైటును ఫాలో అవ్వొచ్చు. మీ కొత్త వ్యాసం అతని టైమ్‌లైన్లో కనపడుతుంది, అతను ఇచ్చే జవాబు మీ సైటులో కామెంటుగా వచ్చి చేరుతుంది. అదే వ్యాసం సెర్చ్‌లోనూ దొరుకుతుంది, కొత్త రాతల జాబితాను దానంతటదే పంపే ఆర్ఎస్ఎస్ ఫీడ్‌లోనూ వెళుతుంది. తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో కూడలి లాంటి సైట్లు ఎవరెవరి బ్లాగుల్లోని కొత్త టపాలనో ఒక్కచోట చూపించగలిగాయంటే ఆ ఫీడ్ల వల్లే. ఎవరి ఇల్లు వాళ్లదే, అందరూ కలిసేది ఒక్కచోట. వికేంద్రీకరణ అంటే తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు, మనం దాన్ని మధ్యలో వదిలేశాం, అంతే.

హోస్టింగ్ కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మోసపోవద్దు, రెన్యువల్ ధర చూడండి. డొమైన్‌ను హోస్టింగ్ కంపెనీ దగ్గర కాకుండా వేరేచోట కొనండి. అప్పుడు హోస్టింగ్ వాళ్లతో పేచీ వచ్చినా పేరు మీ చేతిలో ఉంటుంది. డొమైన్ రిజిస్ట్రేషన్లో ఇచ్చే ఈమెయిల్ ఆ డొమైన్ మీదే ఉండకూడదు. ఉంటే, రెన్యువల్ మర్చిపోయిన రోజున గుర్తుచేసే మెయిల్ కూడా మీకు చేరదు. సైటుకు వారానికోసారి బ్యాకప్ తీసి, ఆ కాపీ ఇంట్లో డెస్క్‌టాప్‌లోకి వచ్చేలా పెట్టుకోండి. వ్యాసాలు ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు వచ్చే ఫైలులో మాటలే ఉంటాయి, ఫొటోలు ఉండవు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను విడిగా తెచ్చుకోవాలి. సర్క్యూట్ ఫొటోలు లేకపోతే మీ వ్యాసాలకు సగం ప్రాణం పోయినట్టే కాబట్టి ఇది మర్చిపోవద్దు.

నలుగురితో మాటామంతీకి ఇప్పటికే నడుస్తున్న సర్వర్లో ఒక అకౌంట్ తీసుకోండి. అమెచ్యూర్ రేడియో వాళ్ల కోసమే మాస్టోడాన్ డాట్ రేడియో అని ఒకటుంది. వాళ్ల నియమాలు చదివి చూడండి, మీకు సరిపడవచ్చు. లేకపోతే పెద్ద సర్వర్ ఏదైనా ఫర్వాలేదు. తర్వాత వేరే సర్వర్‌కి మారాలంటే మీ ఫాలోవర్లు మీతో వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు. అందుకే దాచుకోదగ్గ ఏ ముక్కా అక్కడ మాత్రమే రాసి వదిలెయ్యకండి. సైటులో రాసి, లింకు అక్కడ ఇవ్వండి.

బ్లూస్కై గురించి మీ మిత్రుడు చెప్పింది కొంత నిజం. వాడడం తేలిక, 2024 ఫిబ్రవరి నుంచి ఇన్విటేషన్ లేకుండా ఎవరైనా చేరొచ్చు. దాంట్లో నాకు నచ్చేది ఒకటుంది, మీ సొంత డొమైన్‌నే యూజర్ నేమ్‌గా పెట్టుకోవచ్చు. డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో ఒక టెక్స్ట్ రికార్డ్ జోడిస్తే చాలు, ఖర్చు లేదు. కానీ పద్ధతి ఎంత తెరిచి ఉన్నా, ఇవాళ్టికి అందులో ఉన్న చాలామంది ఒక్క కంపెనీ సర్వర్ల మీదే ఉన్నారు. ఉంచుకోండి, మీ డొమైన్ పేరుతోనే ఉంచుకోండి, దాన్నే నమ్ముకోవద్దు.

ఇప్పుడు డెస్క్‌టాప్ దగ్గరికి వద్దాం. ఇంటి ఫొటోల కోసం దాన్ని వాడడం చాలా మంచి ఆలోచన, ఆనందంగా చెయ్యండి. డెబియన్ అనే లినక్స్ వెయ్యండి. ఫొటోలకు ఇమిచ్ అనే ప్రోగ్రాం పెట్టండి. ఫోన్లో దాని యాప్ ఉంటుంది, తీసిన ఫొటోలు ఇంటి వైఫైలోకి రాగానే డెస్క్‌టాప్‌లోకి చేరిపోతాయి. మనుషుల ముఖాలు గుర్తుపట్టి వేరుచెయ్యడం లాంటివి కూడా చేస్తుంది, ఆ పనంతా మీ మెషీన్లోనే జరుగుతుంది, ఏ ముఖమూ బయటికి పోదు. మీ 8 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది. మొదట పాత ఫొటోలన్నీ ఎక్కించినప్పుడు ఒకటి రెండు రోజులు ప్రాసెసర్ బాగా కష్టపడుతుంది, కంగారుపడకండి.

2014 నాటి హార్డ్ డిస్కును మాత్రం నమ్మకండి. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో దాని రిపోర్టు తీస్తే రీఅలొకేటెడ్ సెక్టార్స్ అనే వరస కనపడుతుంది. అక్కడ సున్నా కాకుండా ఇంకేమైనా ఉంటే ఆ డిస్కు పని అయిపోవస్తున్నట్టే. సున్నా ఉన్నా సరే, సిస్టం కోసం చిన్న ఎస్ఎస్‌డీ, ఫొటోల కోసం కొత్త డిస్కు కొనండి. బ్యాకప్‌కు ఇంకో రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కావాలి. ఒకటి ఇంట్లో ఉంటే రెండోది మీ కాలేజీ బీరువాలోనో, అన్నదమ్ముల ఇంట్లోనో ఉండాలి, నెలకోసారి అటూఇటూ మార్చాలి. దొంగతనం జరిగినా, వాన నీళ్లు వచ్చినా రెండూ ఒకేసారి పోకూడదు. రెస్టిక్ అనే ప్రోగ్రాంతో తీస్తే బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ఆ డిస్కు వేరేవాళ్ల ఇంట్లో ఉన్నా భయం లేదు.

కరెంటు సంగతి మీ శ్రీమతి గారు సరిగ్గానే అడిగారు. ఆ కాలం డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు కూడా సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా నడిస్తే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. మీరు ఫిజిక్స్ చెప్పేవారు, ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్‌తో కొలిచి అసలు లెక్క ఆవిడకు చూపించండి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం వస్తున్న ఇల్లయితే ఈ 36 యూనిట్లు మిమ్మల్ని ఆ గీత దాటించొచ్చు, ముందు మీ పాత బిల్లులు చూసుకోండి. దీనికి రెండు దారులున్నాయి. ఫొటోల పనికి మెషీన్ రోజంతా నడవక్కర్లేదు, సాయంత్రం నాలుగు గంటలు ఆన్‌లో ఉంటే చాలు. అలా వద్దనుకుంటే హైదరాబాద్ వచ్చినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి, ఆఫీసుల్లో వాడి తీసేసిన మినీ పీసీ ఒకటి చూడండి. పుస్తకమంత ఉంటుంది, పని లేనప్పుడు పది వాట్లకు అటూఇటూగా తీసుకుంటుంది. అంటే నెలకు 7 యూనిట్ల చిల్లర. కొనే ముందు షాపులోనే ఆన్ చేసి, ర్యామ్ ఎంతో, డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చూపించమనండి.

యూపీఎస్ తప్పనిసరి. రౌటర్‌ను కూడా దానికే తగిలించండి. మెషీన్ ఆన్ అవ్వగానే తెరవగలిగే బయోస్ సెట్టింగ్స్‌లో కరెంటు పోయి వచ్చాక ఏం చెయ్యాలి అని ఒకటి ఉంటుంది, దాన్ని పవర్ ఆన్‌కి మార్చండి. అప్పుడు మీరు ఊళ్లో లేకపోయినా మెషీన్ దానంతటదే లేస్తుంది.

హ్యాకింగ్ భయానికి నా జవాబు సూటిగా ఉంటుంది. రౌటర్లో ఒక్క పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) కూడా తెరవకండి. ఇంటి మెషీన్ బయటి ప్రపంచానికి కనపడాల్సిన పనే లేదు, మీ సైటు వేరేచోట ఉంది కదా. కాలేజీ నుంచి ఫొటోలు చూసుకోవాలంటే టెయిల్‌స్కేల్ వేసుకోండి. అది మీ ఫోన్లకు, ఇంటి మెషీన్‌కు మధ్య ప్రైవేటు దారి వేస్తుంది, సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది. డెబియన్ సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి. రాతల సైటును, ఇంటి ఫొటోలను వేరుచెయ్యమని మొదట్లోనే అన్నది ఇందుకే. వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో ఏదైనా లోపం బయటపడి ఎవరైనా సైటులోకి దూరినా, మీ పిల్లల ఫొటోలున్న మెషీన్ దాకా రాలేరు.

ఎవరు చూస్తారన్న ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. అందుకని మొదట మీ శ్రీమతి గారి ఫోన్లో ఫొటోలతోనే మొదలుపెట్టండి, మీ ఫోన్‌తో వద్దు. ఆవిడ మిమ్మల్ని అడక్కుండా ఫలానా పెళ్లి ఫొటో వెతికి తీసుకోగలిగేవరకు ఇప్పటి క్లౌడ్ అకౌంట్‌ని ఆపెయ్యకండి, రెండూ పక్కపక్కన నడవనివ్వండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని మెషీన్ ఎలా ఆపాలి, ఎలా ఆన్ చెయ్యాలి, పాస్‌వర్డులు ఏంటి, డొమైన్ ఎక్కడ కొన్నారు, ఏ తేదీకి డబ్బు కట్టాలి, బ్యాకప్ డిస్కు ఎవరి ఇంట్లో ఉంది అన్నీ తెలుగులో చేత్తో రాసి బీరువాలో పెట్టండి. బ్యాకప్ డిస్కులు మామూలు ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఆ నోట్‌బుక్ చూస్తూ పది ఫొటోలు వెనక్కి తియ్యడం ఇంట్లో ఇంకొకరి చేత ఒకసారి చేయించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ నోట్‌బుక్‌లో ఇంకో వాక్యం రాయాలి.

లినక్స్ దగ్గర చిక్కుకుంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు, తెలుగులో మాట్లాడి చెప్పేవాళ్లు దొరుకుతారు. మీ కాలేజీ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకున్నా మంచిదే. డొమైన్ తీసుకుని సైటు లేచాక అడ్రసు పంపించండి, ఈ పేజీ చదివే మిగతా రేడియో అభిమానులకు కూడా తెలియజేస్తాను. పాతవి దొరికేదాకా ఆగకుండా, ఇప్పుడు మీ బల్ల మీద విప్పి ఉన్న సెట్టు గురించే మొదటి వ్యాసం రాసెయ్యండి.